మాస్టారు ఊఁ కొట్టని చోట

మా అమ్మాయికి పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రానిక్స్ చెప్పిన మాస్టారు మొన్న శుక్రవారం పొద్దున్న పోయారు. వాళ్ల ఊరు రామచంద్రపురం నుంచి ఫోన్ వచ్చేసరికి, అమ్మాయి ఉద్యోగం పర్మనెంటయిన సంబరంలో ఉన్నాం మేము. ఏడుపూ ఆగడం లేదు, ఆనందమూ ఆగడం లేదు. ఆ ఆనందం ఆయన పెట్టిన భిక్షే కాబట్టి మీ అందరికీ చెప్పుకుంటున్నాను.

అమ్మాయి కంపెనీ వైఫై కార్డులు చేస్తుంది. కార్డుకి పని చెప్పే ప్రోగ్రాము డ్రైవరట, కార్డు లోపల కూర్చుని ఆ పని చేసేది ఫర్మ్‌వేరట. కొత్త కార్డొకటి ఉన్నట్టుండి నెట్ వదిలేసేది. ఎందుకో కనిపెడితేనే పర్మనెంటు, లేదంటే ఇంటికే. పిల్ల సరిగ్గా అన్నం తినడం మానేసింది.

చక్కెర జబ్బుతో మాస్టారికి చూపు పోయినంత పనయింది. అయినా సంగతి తెలియగానే ఆటో ఎక్కి వచ్చేశారు, మహానుభావుడు! ఆయన కూర్చోగానే అమ్మాయి లాప్‌టాప్‌లో ఉన్న ఆ కార్డు మళ్లీ మొరాయించింది.

"ఓసారి ఆపి వెయ్యవే, అదే వచ్చేస్తుంది," అంది మా ఆవిడ.

"వద్దమ్మా! పడ్డవాణ్ణి గబుక్కున లేపేస్తే ఎక్కడ కాలు జారాడో ఎలా తెలుస్తుంది?" అన్నారు మాస్టారు.

డ్రైవరుకీ ఫర్మ్‌వేరుకీ మధ్య నడిచిన ప్రతి మాటనీ రాసిపెట్టే పనిముట్టొకటి ఉంది, ట్రేస్ అంటారు. అమ్మాయి దాన్ని ముందే పెట్టి ఉంచింది. ఆపి వేస్తే ఆ రాతంతా తుడుచుకుపోతుందట.

"పైకి చదువమ్మా. చెవులు బాగానే ఉన్నాయి నాకు."

అమ్మాయి చదువుతోంది. డ్రైవరు ఒక పని చెప్పడం, ఫర్మ్‌వేరు సరేననడం. సరే అన్నప్పుడల్లా మాస్టారు కథ వింటున్నట్టు "ఊఁ" కొడుతున్నారు. నాకైతే హాయిగా కునుకు పట్టేసింది. ఉన్నట్టుండి ఊఁ ఆగిపోయింది.

"ఏంటి మాస్టారూ?" అంది అమ్మాయి.

"పనిలేనప్పుడు కార్డు పడుకుంటుంది కదా. 'లే' అంది డ్రైవరు. లేచానని కార్డు చెప్పిందా?"

అమ్మాయి ఆ రాతలో వెనక్కి వెళ్లి చూసుకుంది. "లేదండీ! అది చెప్పకుండానే డ్రైవరు పని పురమాయించేసింది!"

"కళ్లు నులుముకుంటున్నవాడి నెత్తిన బస్తా పెట్టేశారన్నమాట, పాపం."

"ఈయనా అంతేనండి, కాఫీ పడందే ఉలకరు పలకరు," అంది మా ఆవిడ నన్ను చూపించి. మాస్టారు పొట్ట పట్టుకుని నవ్వారు.

లేచానని జవాబు వచ్చేదాకా డ్రైవరు ఆగేటట్టు అమ్మాయి మార్చి రాసింది. కంపెనీవాళ్లు ఎన్ని విధాల పరీక్షించినా కార్డు నెట్ వదల్లేదు. ఉద్యోగం ఖాయం! వీధి వీధంతా లడ్లు పంచానండి.

ఆ కబురు చెప్పడానికి వెళితే మాస్టారు మంచం మీద ఉన్నారు. దణ్ణం పెట్టబోతే, "నేనేం చేశానండీ, విన్నాను అంతే," అన్నారు. అమ్మాయి లాప్‌టాప్ తెరిచి ఆయన పక్కన పెట్టింది.

"పొద్దుట్నుంచీ నెట్ ఒక్కసారి కూడా పోలేదు మాస్టారూ, చూడండి."

ఆయన తడుముకుంటూ దాని మీద అరచెయ్యి వేశారు.

"వెచ్చగా ఉందమ్మా," అన్నారు.

వాళ్లావిడ తెచ్చిన కాఫీలు చల్లారిపోయినా ఆ చెయ్యి తియ్యలేదు.