శాలువాలు అడిగింది నేనే

మా బాపును, అంటే నాన్నను, చూసుకునే అక్క ఎమ్మెల్యేకు ఇచ్చిన వినతిపత్రంలో అసలు కోరికలు మార్చింది నేనే. ఆ మాట చెప్పాల్సిన రోజున చెప్పలేదు. మిర్చి బజ్జీలు తెస్తానని ఇంట్లోంచి జారుకున్నాను. తప్పంతా ఎమ్మెల్యేదేనని కొందరు, కాదు అక్కదేనని కొందరు ఇప్పటికీ అనుకుంటున్నారు. ఎమ్మెల్యే మీద నాకు వేరే ఫిర్యాదులు ఉన్నాయి గానీ, ఈ విషయంలో మాత్రం ఆయన అమాయకుడు.

మాది జనగామలో కిరాణా హోల్‌సేల్ దుకాణం. బాపుకు పక్షవాతం వచ్చి కుడివైపు పడిపోయాక, నర్సింహులపేట దగ్గరి తండా నుంచి జీతానికి అక్క వచ్చింది. నాకంటే రెండేళ్లు పెద్దది, అందుకే అక్కా అంటాను. మా ఇంట్లోనే ఉండి బాపును లేపడం, కడగడం, తినిపించడం, ఆయన తిట్లు తినడం, అన్నీ తనే. వారానికి ఏడు రోజులూ పనే. నన్ను సేటూ అని పిలిచేది.

ఇదే పని చేసే అక్క దోస్తులు మహబూబాబాద్‌లో కొందరు, భూపాలపల్లిలో కొందరు ఉన్నారు. ఎవరికీ ఇల్లు కదలడానికి వీల్లేదు కాబట్టి వాళ్ల మీటింగులన్నీ ఫోన్లోనే. బాపుకు జావ తాగిస్తూ అక్క స్పీకర్ పెట్టేది. వాళ్ల ఇంటి భాష బాపుకు ఒక్క ముక్క రాదు. అయినా నవ్వాల్సినచోట అందరికంటే ముందు ఆయనే నవ్వేవాడు, జావ కక్కుకుంటూ.

అట్లా ఒకరోజు ముగ్గురు ఎమ్మెల్యేలకు ఒకే వినతిపత్రం ఇవ్వాలని తీర్మానించుకున్నారు. వారానికి ఒక రోజు జీతం కోయకుండా సెలవు, సర్కారు ఖరారు చేసిన కనీస జీతం, ఆరోగ్య బీమా.

"సేటూ, నువ్వు సదువుకున్నోనివి. జర మంచిగ రాసియ్యి," అంది అక్క.

"అదెంత పని అక్కా," అన్నాను.

పెన్ను పట్టుకుని 'వారానికి ఒక రోజు' అని రాయగానే ఆ రోజు నా కళ్ల ముందు నిలబడింది. ఆదివారం. మంచం మీద బాపు, మంచం పక్కన నేను, నా చేతిలో బెడ్‌పాన్. జీతం పెంచాల్సి వస్తుందన్న భయం కూడా ఉంది. కానీ నిజం చెప్పాలంటే బెడ్‌పాన్ భయమే పెద్దది. ఆ కాగితం చింపి ఇంకోటి తీసుకున్నాను. 'కావున తమరు దయతో ఈ త్యాగమూర్తుల నిస్వార్థ సేవలను గుర్తించి, వారిని ఘనంగా సన్మానించి, సమాజానికి స్ఫూర్తి కలిగించవలసిందిగా ప్రార్థన' అని రాశాను. సెలవు లేదు, జీతం లేదు, బీమా లేదు.

అక్క కూడబలుక్కుంటూ చదివింది. 'త్యాగమూర్తుల' దగ్గర ఆగి ఊపిరి పీల్చుకుంది. అర్థం కాని ఆ మాటల్లోనే సెలవు కూడా ఉందనుకుంది. "మస్తు బరువున్నది సేటూ, ఎమ్మెల్యే దిమ్మ తిరగాలె," అని మురిసిపోయి, రెండు జిరాక్సులు తీయించి మిగతా రెండు ఊళ్లకు పంపింది. అట్లా నా పిరికితనం మూడు జిల్లాలకు చేరింది.

పని ఎంత తొందరగా అయిందంటే నేనే బిత్తరపోయాను. రోడ్లు, ఇండ్లు, ఉద్యోగాలు అడిగేవాళ్లే తప్ప, శాలువా అడిగేవాళ్లు ఏ ఎమ్మెల్యేకు దొరుకుతారు? జనగామలో అదే పూట అక్కకు శాలువా కప్పి ఫొటో దిగారు. మహబూబాబాద్‌లో శాలువాతో పాటు తలకో గోడ గడియారం ఇచ్చారు. భూపాలపల్లిలో అయితే ఒక బడి వార్షికోత్సవం వేదిక మీదికే పిలిచారు. ఆ హడావిడిలో ఒకావిడకు పరుగు పందెంలో మూడో బహుమతి కూడా వచ్చింది.

అక్క శాలువా కప్పుకునే ఇంటికొచ్చింది. ఏప్రిల్ నెల. చెమటలు కారుతున్నాయి.

"అడిగినయి ఎప్పుడిస్తరని అడుగుతె, ఇచ్చినం గదమ్మా అంటుండ్రు సేటూ," అంది. నేను పప్పు బస్తాలు లెక్కపెడుతున్నట్టు నటించాను.

తర్వాతి ఆదివారం మిగతా రెండు ఊళ్ల నుంచి ఎట్లనో వీలు చేసుకుని ఏడుగురు ఆడవాళ్లు వచ్చారు. అక్క బాపును వదిలి రాలేదు కాబట్టి పంచాయితీ బాపు మంచం చుట్టే పెట్టారు. బాపు అంత సంతోషంగా ఉండడం ఏడాదిలో నేను చూడలేదు. తల కింద ఇంకో దిండు పెట్టించుకుని మరీ పెద్దమనిషిలా కూర్చున్నాడు.

"మేం సెలవడిగితె నువ్వు శాలువ ఇప్పిచ్చినవ్," అంది భూపాలపల్లి ఆమె. పరుగు పందెం బహుమతి ఆమెదే. "గీ ఎండల గిది కప్పుకోని ఏడికి పోవాలె? సేటుకు ఏం జెప్పి రాపిచ్చినవ్?"

"సెలవనే జెప్పిన."

"జెప్తె రాయడా? గంత సదువుకున్నోడు! సేటుకు కోపమొస్తదని నువ్వే మెత్తగ జెప్పినవ్. నువ్వు ఆళ్ల మనిషివైనవ్."

"నాకిచ్చిన గడియారం గుడ నడుస్తలేదు," అంది మహబూబాబాద్ ఆమె, ఆ నేరం కూడా అక్కదే అన్నట్టు.

అక్క నా వైపు చూసింది. ఏడుగురూ చూశారు. పెద్దమనిషి కూడా చూశాడు. "చెప్పురా," అన్నాడు వంకర మూతితో.

"ముందు బజ్జీలు తెస్త. వేడివేడిగ తినుకుంట మాట్లాడుకుందాం," అన్నాను.

బండి దగ్గర గంటసేపు నిలబడ్డాను. మూడు వాయిలు దిగాయి. "ఇంకా వేడిది కావాలా సేటూ?" అని బండాయన విసుక్కున్నాడు. పొట్లంతో తిరిగొచ్చేసరికి అందరూ వెళ్లిపోయారు. అక్క పొట్లం వైపు చూసింది. "బాపుకు పెట్టకు, దగ్గొస్తది," అంది, అంతే.

ఆ రోజు నుంచి అక్క ఫోన్ మోగలేదు. జావ తాగేటప్పుడు బాపు ఫోన్ వైపు చూసేవాడు. "ఏది బిడ్డా, నీ పటాలం?" అని అడిగేవాడు. "ఆళ్లకు పని ఉన్నది బాపు," అనేది. వాళ్లు కొత్త కాగితం రాయించుకుని వచ్చే ఆదివారం మళ్లీ మహబూబాబాద్ ఎమ్మెల్యే దగ్గరికి పోతున్నారనీ, తనను పిలవలేదనీ అక్కకు బంధువుల ద్వారా తెలిసింది.

ఒక పొద్దున నాతో అంది: "సేటూ, నేను ఇంకో ఇల్లు సూసుకుంట. గీడ ఉన్నన్ని దినాలు ఆళ్లు నన్ను నమ్మరు. ఇరవై ఏండ్ల దోస్తులు."

సిగ్గుపడాల్సిన విషయం ఏమిటంటే, అప్పుడు కూడా నాకు ముందు తట్టింది బెడ్‌పానే. ఆమె దోస్తుల సంగతి తట్టడానికి ఇంకో రెండు రోజులు పట్టింది.

ఆ ఆదివారం బాపును నా భార్యకు అప్పజెప్పి, అక్కను రైలెక్కించుకుని మహబూబాబాద్ పోయాను. ఎందుకో అక్కకు చెప్పలేదు, మధ్యలో ధైర్యం పోతే దిగిపోవచ్చని. ఎమ్మెల్యే క్యాంప్ ఆఫీసు గేటు ముందు ఆడవాళ్లు వరుసగా నిలబడి ఉన్నారు. అక్కను చూసి మొహాలు తిప్పుకున్నారు. నేను వాళ్ల ముందుకు పోయి గొణిగాను.

"గట్టిగ జెప్పు సేటూ," అంది భూపాలపల్లి ఆమె. "ఇనవడ్తలేదు."

పింఛను కోసం వచ్చిన ముసలాయన ఒకడు చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని ముందుకు వంగాడు. గేటు దగ్గరి పోలీసాయన కూడా ఇటే చూస్తున్నాడు. ఈసారి అందరికీ వినపడేలా అన్నాను.

"అక్క నాకు మూడూ సక్కగనే జెప్పింది. సెలవు, జీతం, బీమా. ఒక్కటి గుడ మెత్తగ జెప్పలే. మార్చి రాసింది నేను. సెలవిస్తె మా బాపును నేను కడగాల్సొస్తదని అట్ల మార్చిన. మీరు ఆమెను అడుగుతుంటె నోరు మూసుకున్న." తర్వాత వెనక్కి తిరిగాను. అక్క కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఉంది. "తప్పు నాది అక్కా. నీ మాట మార్చిన, నీ మీద మాట పడనిచ్చిన. మాఫ్ చెయ్యి."