మా అత్త గ్రిల్లు బేరం

మా అత్త గాంధిమతి బయటివాళ్ళతో తమిళంలో నోట్లో బెల్లం పెట్టుకున్నట్టు మాట్లాడుతుంది. వాళ్ళ ముందే, అదే నవ్వు ముఖంతో, మాతో తెలుగులో అసలు సంగతి చెబుతుంది. కోవిల్‌పట్టి మార్కెట్లో కూరలమ్మే ఆవిడని "అక్కా, నీ వంకాయలకు సాటి లేదు" అని మెచ్చుకుని, కోడలినైన నావైపు తిరిగి "అన్నీ పుచ్చులే, పదా" అంటుంది. మా వీధి దాటితే మా ఇంటి భాష ఎవరికీ రాదని ఆమె గట్టి నమ్మకం.

బస్టాండు దగ్గర మాదో చిన్న హోటలు. దానికున్న పేరంతా మా మామ ముత్తురామన్ బొగ్గుల మీద కాల్చే కోడి వల్ల వచ్చిందే. పోయినేడు ఆయనకు దగ్గు పట్టుకుంది. పొగకు దూరంగా ఉండమని డాక్టరు గట్టిగా చెప్పాడు. "నన్ను గల్లా కాడ బొమ్మలాగ కూసోబెడతారా?" అని మామ అన్నం మీద అలిగాడు. చివరికి గ్యాస్ గ్రిల్లు కొందామని అత్తే దారి కనిపెట్టింది. మామ ఒక షరతు మీద ఒప్పుకున్నాడు. రుచి పోయిందని ఒక్కరన్నా సరే, మళ్ళీ బొగ్గే.

విరుదునగర్‌లో హోటలు వంటసామాన్ల కొట్టుకు ముగ్గురం వెళ్ళాం. మసాలా పట్టించిన కోడి ముక్కలు అత్త చేతి క్యారియర్‌లో ఉన్నాయి. కాల్చి చూడకుండా కొనే రకమా ఆవిడ! కొట్టు యజమాని ముత్తుకృష్ణన్ మర్యాదస్తుడు, ముక్కు మాత్రం కాస్త పెద్దది.

"మాది పెద్ద హోటలు. సాయంత్రమైతే కార్లు వరస కడతాయి" అని అత్త తమిళంలో మొదలుపెట్టింది. నాకు నవ్వు ఆగలేదు. మా హోటలు ముందు ఆగేవి ఆటోలు. ఆయన తళతళలాడే పెద్ద గ్రిల్లు ఒకటి చూపించాడు. మామ దాని చుట్టూ ప్రదక్షిణం చేశాడు.

"ఇదే తీస్కుందామే" అన్నాడు తెలుగులో.

"దాన్ని లోపల పెడితే మనం బయట నిలబడాల. ఈ ముక్కాయన దాన్ని మన తలకు కట్టాలని సూస్తుండాడు. తైరియంగా మాట్లాడండి, ఈయనకి మన బాస రాదు" అంది అత్త.

ఆ ధైర్యంతోనేమో, మామ ఇంట్లో ఎప్పుడూ అనని మాట అనేశాడు. "రాత్రుల్లో ఊపిరి అందేదిలేదే. సెప్తే నువ్వు బయపడతావని సెప్పలే. బొగ్గు మానేస్తే నా సేతి కోడికి ఎవుడొస్తాడు?"

అత్త ముఖంలో నవ్వు పోయింది. "ఎవురూ రావొద్దు. అంగడి మూసినా సరే. ఒక రాత్రి మీరు దగ్గకుండ నిద్దర పోతే నాకు సాలు." నాకు ఏడుపొచ్చినంత పనైంది.

ముత్తుకృష్ణన్ లోపలికి వెళ్ళి ఒక చిన్న గ్రిల్లు మోసుకొచ్చాడు. బల్ల మీద పెట్టుకునేది, రెండు బర్నర్లది. "మీకు ఇది చాలు" అన్నాడు తమిళంలోనే.

అత్తకు ఒళ్ళు మండింది. "సూసినావా సత్యా, మన మొగాలు సూసి సిన్నది తెచ్చినాడు!" అంది నాతో.

ఆయన పట్టించుకోకుండా గ్యాసు వెలిగించి, మంటకు పైన పరిచిన నల్లరాళ్ళు చూపించాడు. కోడి కొవ్వు కారి ఆ వేడి రాళ్ళ మీద పడితేనే కాల్చిన వాసన వస్తుందట. ఆ కాస్త పొగనూ బయటికి లాగడానికి పైన ఫ్యాను, గొట్టం తప్పకుండా పెట్టాలట. మామ ముక్కలు పరిచాడు. ఒక పక్క మంట పెంచి, రెండో పక్క తగ్గించి, ముక్కల్ని అటూ ఇటూ జరపడంలో పడ్డాక ఆయనకు మేమెవరమూ గుర్తులేము. కాసేపటికి కొట్టంతా మా హోటలు వాసనే.

ముత్తుకృష్ణన్ ఒక ముక్క నోట్లో వేసుకుని తాపీగా నమిలాడు. "అన్న దగ్గకుండ నిద్దర పోవాలంటే ఇదే సరి అక్కా. ఆ పెద్దది గ్యాసు తాగతాది, మీకేంటికి?" అన్నాడు. తెలుగులో. అచ్చం మా ఇంటి తెలుగులో.

అత్త చటుక్కున మామ వెనక్కి జరిగింది.

"మాది ఒట్టపిడారం పక్కన ఊరు, మా ఇంట్లోనూ ఇదే బాస" అన్నాడాయన. "ముక్కు మా నాయనది అక్కా, నేనేం సేసేది?"

అత్త కొంగుతో ముఖం కప్పుకుంది. మామ నవ్వీ నవ్వీ దగ్గాడు. బేరమాడే ముఖం ఎక్కడిది ఇంక? చెప్పిన ధర చెప్పినట్టు ఇచ్చేసింది.

గ్రిల్లు పెట్టిన సాయంత్రం మొదటి ప్లేటు ఇసక్కిముత్తుకు వెళ్ళింది. బస్టాండులో ఆటో నడుపుతాడు, మాకు చాలా పాత గిరాకీ. ఆయన ముక్క నమిలి, "అన్నా, పాత రుచి కొంచెం తగ్గింది" అన్నాడు.

అత్త చేతిలో గరిటె ఆగిపోయింది. మామ షరతు మేమెవ్వరం మరచిపోలేదు. వెనక గోడవారన బొగ్గుల బస్తా ఇంకా అలాగే ఉంది.

మామ ముక్కను తిప్పుతూ, తమిళంలో, బల్లలన్నిటికీ వినబడేలా చెప్పాడు. "అవును, తగ్గింది. బొగ్గు పొగలో నాకు ఊపిరాడటం లేదు, ఇసక్కీ. ఈ రుచితో అయితే ఇంకా చాలా ఏళ్ళు నీకు కాల్చి పెట్టగలను."

ఇసక్కిముత్తు ప్లేటులో ఉన్నది ఎముకతో సహా పూర్తి చేసి, ఖాళీ ప్లేటు ముందుకు తోశాడు.

"అయితే ఇంకొకటి వెయ్యన్నా."