రెడ్డెమ్మక్క టమాటా కట్టెలు, నా కుళ్ళు

నిన్న పొద్దున ఫోన్ మోగితే మామూలుగానే ఎత్తాను.

‘చిన్నమ్మా, అమ్మ లేదు’ అన్నాడు రెడ్డెమ్మక్క కొడుకు.

‘యాడికి పోయింది రా’ అని అడిగాను. బుర్ర అంతగా మొద్దుబారిపోయింది. మొన్ననే కదా నా మోకాళ్ళ నొప్పికి ఫోన్లో కషాయం చెప్పింది.

వాడు ఏడ్చాడు. అప్పుడు అర్థమైంది.

రెడ్డెమ్మక్క నాకు తోటికోడలు, మా ఆయన అన్న భార్య. కుప్పం తాలూకా, రామకుప్పం వైపు పిల్ల. చౌడేపల్లె దగ్గర మా పల్లెకు నాకంటే మూడేళ్ళు ముందే కోడలిగా వచ్చింది. డెబ్బైల చివర్లో నేను వచ్చేసరికి ఆ ఇంట్లో మంచి కోడలు అనే సీటు ఫుల్ అయిపోయింది.

నిన్నటి నుంచి ఫ్యామిలీ గ్రూపులో అందరూ దేవత, దేవత అని పెడుతున్నారు.

నేను నిజం రాస్తాను. ఆమె అంటే నాకు కుళ్ళు. ఈరోజుకీ తగ్గలేదు.

ఎనభైల్లో మా వైపు టమాటా జోరు మొదలైంది. మదనపల్లె మార్కెట్టుకు ఎంత తోలినా చాలేది కాదు. చెట్టు చెట్టుకూ పక్కన ఒక ఊతకట్టె పాతాలి. లేకపోతే కాయ నేలకు తగిలి మురిగిపోతుంది.

ఆ కట్టెలన్నీ ఎక్కడివి? ఊరి వెనక గుట్టవి.

బొటనవేలు లావు మొక్క కనబడితే చాలు, నరికేవాళ్ళం. పంట అయిపోగానే ఆ కట్టెలు పొయ్యిలోకి. మళ్ళీ పంటకు మళ్ళీ గుట్టకు. ఊరంతా ఇదే పని. నాలుగేళ్ళలో గుట్ట బోడిగుండు అవుతూ వచ్చింది.

రెడ్డెమ్మక్క మాత్రం పంట కాగానే కట్టెలు ఒక్కొక్కటే పీకి, ఎండబెట్టి, మోపులు కట్టి కొట్టంలో దాచేది. చెదలు పట్టకుండా మొనలు నిప్పులో కాల్చి మళ్ళీ పాతేది. ఇరిగిన వాటికి బదులుగా పొలం గట్టు మీద వావిలి పెంచింది. మేకలు ముట్టవు, కొట్టేకొద్దీ చిగురిస్తుంది.

‘యాల అక్కా ఇంత కష్టం, గుట్ట ఉండాది కదా’ అన్నాను ఒకసారి.

‘ఉండాది కాబట్టే సరోజా’ అంది.

మా మామ విన్నాడు. ‘పెద్దకోడల్ని సూసి నేర్చుకోమ్మా’ అన్నాడు నాతో. ఆ పూట నాకు సంగటి గొంతు దిగలేదు.

ఒక ఏడు గుట్టలో సరైన కట్టె దొరక్క మా ఆయన పుంగనూరు వైపు అడవికి పోయి బండెడు కట్టెలు కొట్టుకొస్తుంటే ఫారెస్టు గార్డు పట్టుకున్నాడు. కట్టెలన్నీ పోయాయి.

రెడ్డెమ్మక్కే చెప్పి ఉంటుందని నేను తీర్మానం చేసేశాను. వీధిలో నిలబడి నోటికొచ్చినట్టు తిట్టాను. అసలు సంగతి తర్వాత తెలిసింది. మా ఆయనే టీ అంగడి ముందు బండి ఆపి, గార్డు పక్కనే కూర్చుని టీ తాగాడట.

పంట కాయ మీద ఉంది, మబ్బు పట్టింది, పొలంలో ఒక్క కట్టె లేదు. నేను గట్టు మీద కూర్చుని ఏడుస్తున్నాను.

రెడ్డెమ్మక్క నెత్తిన మోపుతో వచ్చింది. ‘లెయ్యి సరోజా, వాన రాకముందే పాతుకో’ అంది. అట్లా ఐదారు సార్లు తిరిగింది. తన కట్టెల్లో సగం మాకు ఇచ్చేసింది.

వాన కురిసింది. మా పంట నిలబడింది. ఆమెది సగం నేలపాలైంది.

నాకు కృతజ్ఞత రావాలి కదా. రాలేదు. ఊరంతా ఆమె మాటే. పంట నాది, పేరు ఆమెది.

ఆ తర్వాత నా గట్టు మీద నాటుకోమని ఒక మోపు వావిలి కొమ్మలు ఇచ్చింది.

వాటిని ఎండబెట్టి నీళ్ళపొయ్యిలో పెట్టాను. ఆమె చూసింది. ఇది ఇంతవరకు నేను ఎవరికీ చెప్పలేదు.

మా ఆయనకు గార్డు భయం పట్టుకుంది. ఇక గుట్ట వైపు పోనన్నాడు, మదనపల్లెలో వెదురు కొన్నాం. అంతే జరిగింది.

మెల్లగా ఊళ్ళో ఒక్కొక్కరే గుట్ట మీద కొట్టడం మానేశారు. ఆమె దగ్గర కొమ్మలు అడిగి గట్ల మీద నాటుకున్నారు. గుట్ట మళ్ళీ పచ్చబడింది. అందరూ ఆమె మాటే విన్నారని అదొక కుళ్ళు నాకు.

నిన్న పల్లెకు పోతే ఎంత జనం. శవం ముందు నిలబడి కూడా, నేను పోతే ఇంతమంది వస్తారా అని అనుకున్నాను. అట్లాంటిదాన్ని నేను.

గంగులప్ప వచ్చి పక్కన నిలబడ్డాడు. ఒకప్పుడు గుట్ట మీద అందరికంటే ఎక్కువ కొట్టింది ఆయనే.

‘మేం మానింది నీ వల్లే కదమ్మా’ అన్నాడు.

‘నా వల్లా?’

‘రెడ్డెమ్మ ఇంటింటికీ వచ్చి చెప్పింది గదా, సరోజ గుట్ట మీద చెయ్యి వేసేది మానేసింది, మీకేమి కష్టం అని. ఆమె కోసరమైతే మేం మానుతామా? ఆమె మంచిది, మంచోళ్ళు అట్లే చెప్తారు. నువ్వే మానినావంటే మాకేమి రోగం అనుకున్యాం.’



కొమ్మలు పొయ్యిలో పెట్టడం చూసిన మనిషి, గార్డు భయం సంగతి తెలిసిన మనిషి, ఇన్నేళ్ళూ ఊళ్ళో నన్ను మంచిదాన్ని చేసి పెట్టింది. నాతో ఒక్కసారీ అనలేదు. ఇందులోనూ ఆమే గెలిచింది.

పర్యావరణం కోసం మనమేం చేయగలం అని పిల్లలు గ్రూపులో అడుగుతుంటారు. నాకు పెద్దగా తెలియదమ్మా. జనం మంచోళ్ళకు దండం పెడతారు, మనలాంటి వాళ్ళను చూసి మారతారు. కాబట్టి మీరు చెయ్యండి, పక్కవాళ్ళు చూస్తారు.

ఇంకొకటి. గుట్టను వదిలింది నేను కాదు, మా ఆయన భయం. నిలబెట్టింది రెడ్డెమ్మక్క. గంగులప్పకు నిన్న చెప్పలేకపోయాను, ఈరోజు అందరికీ చెబుతున్నాను.

నెమ్మదిగా నిద్రపో అక్కా. నీతో పోటీకి ఇక రాను. వచ్చినా గెలవను.