బకెట్ పట్టుకున్నాకే బాత్రూము

ఎనభైల్లో నాకు ఉద్యోగమిచ్చిన చిన్న కంప్యూటర్ల కంపెనీ హైదరాబాద్ నయాపూల్ దగ్గర, వకీళ్ల ఆఫీసుల పైన మూడో అంతస్తులో ఉండేది. నాది కృష్ణా జిల్లా. జహనుమాలో పాల వ్యాపారం చేసే దంపతుల ఇంట్లో ఒక గది అద్దెకు తీసుకున్నాను. ఆ ఇంట్లో నాలుగు గేదెలు, ఒక బాత్రూము, మనుషుల కోసం ఒకే ఒక్క బకెట్ ఉండేవి. మిగతా బకెట్లన్నీ గేదెలవి. వాటి మీద చెయ్యి వేస్తే ఇంటావిడ ఊరుకునేది కాదు.

ఆఫీసులో మాకు అప్పగించిన పని, నాలుగు ప్రాసెసర్లున్న కొత్త యంత్రం మీద పాత ఆపరేటింగ్ సిస్టం నడిపించడం. దాని గుండెకాయలాంటి భాగాన్ని కెర్నల్ అంటారు. ఏ ప్రోగ్రాం ఎప్పుడు నడవాలో, ఎంత మెమరీ వాడుకోవాలో అదే తేలుస్తుంది. మా కెర్నల్ రాసినవాళ్లు ప్రాసెసర్ ఎప్పుడూ ఒకటే ఉంటుందని నమ్మి రాశారు. నాలుగు పెట్టేసరికి రెండేసి ప్రాసెసర్లు ఒకే మెమరీ ముక్కను పట్టుకుని నాదంటే నాదని కుమ్ముకున్నాయి. అందుకని ప్రోగ్రాంలోనే తాళాల్లాంటివి పెట్టాం. తాళం ఒక ప్రాసెసర్ చేతిలో ఉంటే, అది వదిలేదాకా మిగతావి ఆగాలి. మెమరీకి ఒక తాళం, ప్రోగ్రాముల జాబితాకు ఇంకొకటి.

దాంతో యంత్రం కుమ్ములాట మాని కొయ్యబారిపోవడం మొదలుపెట్టింది. పది నిమిషాలు బ్రహ్మాండంగా నడిచేది. తర్వాత లైట్లు వెలుగుతూనే ఉండేవి, ఉలుకూ పలుకూ ఉండేది కాదు. బోర్డులు చూసే ఇంజనీరు పురానాపూల్ మనిషి. అన్నీ విప్పి, తుడిచి, మళ్లీ బిగించాడు.

"నా బోర్డులు మస్తుగున్నయ్ మేడం. మీ ప్రోగ్రామే అలిగి కూసున్నది," అన్నాడు.

మూడు వారాలు అలాగే గడిచాయి. ఇంతలో యంత్రాన్ని చూడడానికి ఢిల్లీ నుంచి ఒక పెద్దాయన సోమవారం వస్తున్నారని మా మేనేజరు ప్రకటించారు. నాకు అన్నం సయించడం మానేసింది.

శుక్రవారం పొద్దున ఆ ఆలోచనల్లోనే బాత్రూములో దూరి గొళ్లెం పెట్టుకున్నాను. తీరా చూస్తే లోపల బకెట్ లేదు. బకెట్ తీసుకుని ఇంటావిడ బయట నిలబడి ఉంది.

"అక్కా, బకెట్ ఇవ్వండి!" అన్నాను.

"నువ్వు బయటికెల్లు బిడ్డా, నేను జల్ది తానం జేస్త. పాలకు పోవాలె."

"బకెట్ ఇస్తే ఐదు నిమిషాల్లో వచ్చేస్తాను!"

"గట్లనే అంటవ్. నువ్వెల్లితెనే బకెట్!"

నేను బయటికి వస్తే బస్సు పోతుంది. ఆవిడ బకెట్ ఇస్తే పాలు ఆలస్యమవుతాయి. లోపల నేను, బయట ఆవిడ, మధ్యలో తలుపు. పావుగంట దాటింది. గేదెలు అరవడం మొదలుపెట్టాయి. సగం గడ్డం గీసుకున్న ఇంటాయన సబ్బు నురగతోనే వచ్చాడు.

"ఏందే లొల్లి? ఇగ సూడుండ్రి. ముందుగాల బకెట్ పట్టుకోవాలె. బకెట్ చేతులుంటెనే బాత్రూంల వోవాలె. ఇంట్ల అందరికీ ఇదే కాయిదా. ఉత్త చేతులతోని లోపలికి పోతే గొళ్లెం ఊడవీకుత!"

లోపల నేను పెద్దగా నవ్వేశాను.

"అయ్యో, పిల్లకేమన్నా అయిందా ఏంది?" అంది ఇంటావిడ.

తలుపు తెరిచి ఆవిడ చెయ్యి పట్టుకుని ఊపేసి, స్నానం మాట మరచి బస్సుకు పరుగెత్తాను.

ఆఫీసుకు వెళ్లగానే ప్రోగ్రాం అచ్చువేసిన కాగితాలు పరిచి వెతికాను. అనుకున్నట్టే ఒకచోట మెమరీ తాళం తీసుకున్నాక జాబితా తాళం అడుగుతున్నాం, ఇంకోచోట జాబితా తాళం తీసుకున్నాక మెమరీ తాళం అడుగుతున్నాం. చెరొక తాళం పట్టుకుని రెండు ప్రాసెసర్లు ఒకదాని కోసం ఒకటి నిలబడిపోతున్నాయి. ఎక్కడైనా సరే ముందు జాబితా, తర్వాతే మెమరీ అని మొత్తం మార్చేశాను. సాయంత్రం దాకా యంత్రం ఆగలేదు.

"ఎట్ల దొరికింది మేడం?" అన్నాడు బోర్డుల ఇంజనీరు.

"స్నానం చెయ్యకుండా వచ్చాను, అందుకే," అన్నాను. అతను కుర్చీ కాస్త దూరం జరుపుకున్నాడు.

సోమవారం పెద్దాయన వచ్చారు. స్విచ్ వేశాం. తెర మీద ఇంగ్లీషులో 'వెల్కం' అని రావాలి. కానీ తెరకు తాళం పెట్టడం నేను పూర్తిగా మరిచిపోయాను. నాలుగు ప్రాసెసర్లూ తోసుకుంటూ ఒకేసారి అక్షరాలు కుమ్మరించాయి. పెద్దాయన ముందుకు వంగి, "వ్వె... వెవ్వెల్... ల్క్కెల్కొ..." అంటూ శ్రద్ధగా చదవసాగారు.

మేనేజరు మాత్రం తొణకలేదు. "నాలుగు ప్రాసెసర్లు కదా సార్, నాలుగూ ఒక్కసారే మీకు స్వాగతం చెప్తున్నాయి," అని ఇంగ్లీషులో వినయంగా విన్నవించారు.

పెద్దాయన ముఖం విప్పారింది. కళ్లజోడు సవరించుకుని, కోటు గుండీ పెట్టుకుని, తెరకు రెండు చేతులా నమస్కారం పెట్టారు.