వీపు లేని గౌను

రాజులకు కిరీటం, జడ్జీలకు నల్లకోటు ఎలాగో టైలరమ్మకు మెడలో టేపు అలాగ. అది ఆమె మెడను తొలిసారి ఎప్పుడు అలంకరించిందన్న విషయమై చరిత్రకారుల మధ్య ఏకాభిప్రాయం లేదు. చరిత్రకారులంటే ఆమె భర్త, కొడుకు. తాను మొదటిసారి చూసేనాటికే ఆ టేపు ఉందని, దూరం నుంచి నగ అనుకుని మోసపోయానని భర్త వాదన. పసితనంలో తన ఏడుపు మాన్పించడానికే అది మెడకెక్కిందని కొడుకు వాదన. ఇరుపక్షాలూ ఒప్పుకునేది ఒక్కటే. పెళ్ళిళ్ళకీ, పళ్ళ డాక్టరు దగ్గరికీ, ఒకసారి పొరుగింటాయన అంత్యక్రియలకీ కూడా ఆ టేపు ఆమె వెంటే వెళ్ళింది. అక్కడ జనం ఏమీ అనలేదు. శవపేటిక కొలతలకు మనిషి వచ్చిందనుకుని పక్కకు జరిగి దారిచ్చారు.

ఇంతటి చరిత్ర ఉన్న టేపు ఇంటివాళ్ళ ఒంటిమీద మాత్రం ఏనాడూ పడలేదు. "టేపు బయటివాళ్ళకి. ఇంట్లోవాళ్ళకి కన్ను చాలు" అన్నది ఆమె సిద్ధాంతం. భర్త ప్యాంటు నుంచి మనవరాలి గౌను దాకా అన్నీ చూపుతోనే కొలిచి కత్తిరించేది. తాను పట్టిన కుందేటికి మూడే కాళ్ళనే మనిషి కాబట్టి, చొక్కా ఎక్కడైనా పట్టేసిందంటే తప్పు ఒంటిదే గాని చొక్కాది కాదు.

అలాంటి ఇంట్లో ఫ్యామిలీ ఫొటో షూట్ అనే ఆలోచన పుట్టింది. పుట్టించింది కూతురు. కొత్తింటి హాల్లో సోఫా పైన గోడ బోసిగా ఉందట. ఒకరోజు తల్లి కొట్టుకొచ్చి, గుండీల డబ్బా పక్కకు నెట్టి, కటింగ్ బల్ల మీద ఫోన్ పెట్టింది.

"అందరం మీగడ రంగే వేసుకోవాలమ్మా."

"మీగడ రంగే ఎందుకు?"

"సోఫాకి మ్యాచ్ అవ్వాలి."

"సోఫాకి మనం మ్యాచ్ అవ్వాలా, మనకి సోఫా మ్యాచ్ అవ్వాలా?"

"సోఫా కొనేశాం కదమ్మా."

"మమ్మల్ని అంతకుముందే కనేశారు కదే" అన్నాడు తండ్రి, మూల కూర్చుని చొక్కాలకు ఇస్త్రీ చేస్తూ.

టైలరమ్మ ఆయన్ని లక్ష్యపెట్టలేదు. "సరేలే, మీగడ రంగు గుడ్డ తాను తెప్పిస్తా. ఎప్పటికి కుట్టాలి?"

కూతురు ఫోన్‌లోకే చూస్తూ చెప్పింది. "కుట్టక్కర్లేదు. బట్టలు స్టూడియోలోనే ఇస్తారు. అన్ని సైజులూ ఉంటాయట."

కత్తెర గుడ్డ మధ్యలో ఆగింది.

"ఇంకోటమ్మా. ఆ ఒక్కరోజుకి ఆ టేపు తీసెయ్. మా ఆఫీసువాళ్ళు ఇంటికి వస్తూపోతూ ఉంటారు. గోడ మీద టేపుతో ఏం బాగుంటుంది?"

ఈ బల్ల కిందే, కత్తిరింపు ముక్కల మీద నిద్రపోయి పెరిగిన పిల్ల అది. టైలరమ్మ నోరు మెదపలేదు. ఆ మౌనాన్ని అందరూ ఒప్పుకోలు కింద జమకట్టారు. కుటుంబాల్లో చాలా యుద్ధాలు ఈ లెక్క తప్పడం వల్లే మొదలవుతాయి.

స్టూడియోలో వెనక తెరలు ఒక్కోటీ కిందికి దిగాయి. జలపాతం, మంచుకొండ, పుస్తకాల గోడ. పుస్తకాల ముందు నిలబడితే చదువుకున్నవాళ్ళలా ఉంటామని అల్లుడు సూచించాడు. కూతురు పాలరాతి మెట్లు ఎంచింది.

"ఈ మెట్లెక్కితే ఎక్కడికెళ్తాం?" అని మనవరాలు అడిగింది.

"ఎక్కడికీ వెళ్ళం పాపా. నవ్వుతూ నిలబడతాం, అంతే" అన్నాడు ఫొటోగ్రాఫరు.

లోపలి గదిలో స్టూడియో అమ్మాయి టైలరమ్మకు గౌను తొడిగింది. ముందువైపు లేసు, పూసలు, మహారాణి లక్షణాలు అన్నీ ఉన్నాయి. వెనక ఏదో టక్ టక్‌మని చప్పుడైంది. టైలరమ్మ అద్దంలోకి మెడ తిప్పి చూసుకుంది. మెడ నుంచి మడమ దాకా గౌను నిలువునా చీలి ఉంది. చీలికను క్లిప్పులతో దగ్గరికి బిగించారు.

"దీనికి వీపేదమ్మాయ్?"

"వీపుండదు ఆంటీ. అందుకే అందరికీ సరిపోతుంది."

టైలరమ్మ విసవిసా లైట్ల కిందికి వచ్చి, కుటుంబానికి వీపు చూపించి నిలబడింది.

"చూడండి. పైన పటారం, లోన లొటారం."

"అబ్బా అమ్మా, ఫొటోలో వెనక ఎవరు చూస్తారే?"

"నేను చూస్తా. ఇన్నేళ్ళూ నేను చూసింది వెనకే. ఊళ్ళోవాళ్ళకి లోపలి అంచు కూడా మడిచి కుట్టి, నా ఇంటివాళ్ళకి క్లిప్పులు పెట్టి గోడకి వేలాడదీస్తానా?"

"ఒక్క ఫొటోయే కదా."

"ఒక్కటే కాబట్టే చెప్తున్నా. రోజూ దిగేదైతే ఇవాళ వెధవ వేషం వేసినా రేపు దిద్దుకోవచ్చు. ఇది గోడ మీద ఉండిపోయేది. టేపు తియ్యను, ఈ గౌను వేసుకోను. ఫొటో కావాలంటే నా కొట్లో, నేను కుట్టిన బట్టల్లో దిగుదాం. వద్దనుకుంటే నా చోట మీ సోఫాని నిలబెట్టుకోండి."

లోపలి గదికి పోయి, క్లిప్పులు తానే ఒక్కోటీ పీకేసి, గౌను అక్కడే విడిచి, తన బట్టల్లో తాను బయటికి నడిచింది. చేతిలోని క్లిప్పులు ఆ విసురులో ఆమె సంచిలోనే పడ్డాయి. కోపంలో ఉన్నవాళ్ళు సంచులు తనిఖీ చేసుకోరు.

"నాకూ ఈ కోటు చంకల్లో పొడుస్తోంది" అని భర్త లేచాడు. కొడుకు ఆయన వెనకే పోయాడు. ఎక్కడికీ వెళ్ళని మెట్ల ముందు కూతురు, అల్లుడు, మనవరాలు మిగిలారు.

నాలుగు రోజులకు కూతురు కొట్టు గుమ్మంలో కనిపించింది.

"ఏ రంగు కుడుతున్నావ్?"

"ఎవరికి నప్పేది వాళ్ళకి."

"టేపు?"

"ఉంటుంది."

కూతురు లోపలికొచ్చింది. తర్వాత స్టూలు లాక్కుని కూర్చుని, బల్ల మీదున్న ముదురాకుపచ్చ చొక్కాకు గుండీలు కుట్టడం మొదలుపెట్టి, దారం పంటితో తెంపింది.

"కత్తెరుందిగా" అంది తల్లి.

"నువ్వెప్పుడైనా కత్తెరతో తెంపావా?" అంటూ కూతురు చొక్కా ఎత్తి చూసింది. "ఇది ఆయనదేనా? ఒకసారి కొలతలు తీసుకోరాదూ అమ్మా, ఆయన ఈ మధ్య..."

"మీ ఆయన్ని నా కన్ను ఎరగదా?"

ఆ మాటతో సంధి కుదిరింది.

ఫొటో రోజున కొట్టు షట్టరు పూర్తిగా ఎత్తారు. వెనక అరల నిండా రంగురంగుల తానులు, ముందు కుట్టుమిషను. మిషను మీది నూనె మరక తుడవడానికి కూడా టైలరమ్మ ఒప్పుకోలేదు. ఫొటోగ్రాఫరు రోడ్డు మీద కెమెరా నిలబెట్టాడు. ఎవరెక్కడ నిలబడాలో ఆమే నేలమీద సుద్దతో గుర్తులు పెట్టింది. నీలం చొక్కాలో భర్త, గళ్ళ చొక్కాలో కొడుకు, పసుపు గౌనులో మనవరాలు, ఎర్ర జాకెట్లో కూతురు వచ్చి గుర్తుల మీద నిలబడ్డారు.

ఆఖరున, కొట్టు మూల బట్టలు మార్చుకునే చోటి తెర తొలగించుకుని అల్లుడొచ్చాడు. ముదురాకుపచ్చ చొక్కా భుజాలు మోచేతుల వైపు ప్రయాణంలో ఉన్నాయి. ఆయన కొన్ని నెలలుగా పొద్దున్నే పరిగెత్తుతున్నాడు. టైలరమ్మ కన్ను మాత్రం పెళ్ళినాటి అల్లుడి దగ్గరే ఆగిపోయింది.

కొట్లో చూపులన్నీ ఆ భుజాల మీదికి తిరిగాయి.

"బానే ఉందత్తయ్యా" అన్నాడు అల్లుడు. "గాలాడుతోంది."

"ఏమోయ్, టేపు మెడలోనే ఉందిగా" అన్నాడు భర్త.

"వెలుతురు పోతోందమ్మా" అన్నాడు రోడ్డు మీంచి ఫొటోగ్రాఫరు.

టైలరమ్మ చొక్కాని పైనుంచి కిందికి ఒకసారి చూసింది.

"చెప్పాపెట్టకుండా చిక్కిపోతే ఎవరేం చేస్తారు?" అంది. "ఇలా రండి బాబూ. అటు తిరగండి." తిరిగాక, మిషను పక్కనున్న తన సంచి అందుకుంది.

ఆ ఫొటో ఇప్పుడు సోఫా పైన గోడకుంది. అందులో ఒక్క రంగూ సోఫాతో కలవదు. నడుమ టైలరమ్మ, మెడలో టేపుతో, గడ్డం కాస్త పైకెత్తి నిలబడి ఉంది. ఆఫీసువాళ్ళు వచ్చి బట్టల గురించి అడిగితే, "మా అమ్మ కుట్టింది. టైలరు" అని కూతురు చెబుతుంది. అన్నిట్లోకీ అల్లుడి చొక్కాయే ఒంటికి అతికినట్టుందని అందరూ అంటారు. దాని వెనక మూడు క్లిప్పులున్నాయి. మూడూ స్టూడియోవే.