దండెం లేని ఊరు

ఆ వీధిలో పుట్టినవాళ్ళూ, అద్దెకొచ్చినవాళ్ళూ, చివరికి కరెంటు బిల్లు తెచ్చేవాడు కూడా ఆవిణ్ణి నానమ్మ అనే పిలుస్తారు. చాటుగా మాత్రం ఉడుకు నానమ్మ అంటారు. లాండ్రీ నడుపుతుంది కదా, పెరట్లో బాయిలరు ఎప్పుడూ ఉడుకుతుంది కదా, అందుకే ఆ పేరు వచ్చిందని కొత్తవాళ్ళు అనుకుంటారు. బాయిలరుకి ఆదివారం సెలవుంది. నానమ్మకి లేదు.

పెళ్ళయి వచ్చిన మర్నాడే అత్తగారు చేతిలో సబ్బుబిళ్ళ పెట్టింది. అప్పట్నుంచీ ఊరి మురికంతా ఆవిడ చేతుల మీదుగానే పోతోంది. ఎవరు సిగరెట్లు మానేశామని ఇంట్లో ఒట్టేసి బయట కాలుస్తున్నారో జేబు వాసన చూసి చెప్పగలదు. చెబుతుంది కూడా. చిక్కంతా అక్కడే.

ఆ లాండ్రీలో రెండు బల్లలున్నాయి. ఎడమ బల్ల మాసినవాటికి, కుడి బల్ల ఉతికినవాటికి. అత్తగారి కాలం నాటి శాసనం అది. కుడి బల్ల మీద మాసిన చేతిరుమాలు పెట్టిన పాపానికి నానమ్మ కొడుకు మీసాలొచ్చాక కూడా చెంపదెబ్బ తిన్నాడు.

తాతయ్య బతికున్న రోజుల్లో సెలవు దొరికితే ఆవిణ్ణి మ్యాటినీకి తీసుకెళ్ళేవాడు. గుర్రాలు, తుపాకులు, పెద్ద టోపీలు ఉన్న కౌబాయ్ సినిమాలంటే ఆయనకి ప్రాణం. నానమ్మకి వాళ్ళ భాష రాదు, కథ అక్కర్లేదు. ఆవిడ చూసేది చొక్కాలు. సగం సినిమా అంతా బండిలో ఎడారి దాటి వచ్చిన పిల్ల కిందికి దిగితే, గౌను అంచు అప్పుడే ఇస్త్రీ పెట్టె కిందనుంచి తీసినట్టుండేది. దుమ్ములో దొర్లి ముగ్గుర్ని చంపిన హీరో కాలరు పాలనురుగులా మెరిసేది.

"ఎవరు ఉతికార్రా నీకు?" అని తెరని నిలదీసేది నానమ్మ. ముందు వరసవాళ్ళు వెనక్కి తిరిగితే వాళ్ళనీ నిలదీసేది.

తాతయ్య కుర్చీలో కిందికి జారిపోయి, "సినిమా చూడవే తల్లీ, చొక్కా చూడకు," అని బతిమాలేవాడు.

"చొక్కాయే అబద్ధమైతే లోపలి మనిషి నిజమెట్లా అవుతాడు?"

ఆయన పోయాక సినిమాలు మానేసింది. కోపం మాత్రం మానలేదు.

అట్లాంటి నానమ్మ ఉన్న ఊరి బయటే, పాడుబడ్డ రాళ్ళ క్వారీలో, కౌబాయ్ సినిమా తీయడానికి ఒక కంపెనీ దిగింది. వాళ్ళ దుస్తుల మాస్టరు పెద్ద మూటతో లాండ్రీకి వచ్చాడు. సన్నటి మనిషి, మెత్తటి మాట. కొత్త చొక్కాలు, కోట్లు, ప్యాంట్లు బల్ల మీద పరిచి, "ఇవి మాపాలి నానమ్మా," అన్నాడు.

"ఉతకాలా?"

"ఉతకడం కాదు, మాపాలి. నూటయాభై ఏళ్ళ కిందటి ఊరండీ ఇది. ఏడాదిగా ఒంటి మీద ఉన్నట్టు కనపడాలి. మా డైరెక్టరుగారికి అంతా చరిత్రలో ఉన్నట్టే ఉండాలి."

"పొద్దున్నే ఏమన్నా పుచ్చుకుని వచ్చావా నాయనా?" అంది నానమ్మ. కానీ ఆ మాట పూర్తయ్యేలోపే ఆవిడకి లోపల ఎక్కడో చల్లబడింది. ఇన్నేళ్ళుగా తెరతో తాను పోట్లాడుతున్నది దీని గురించే. ఇన్నాళ్ళకి ఒకడు విన్నాడు. ఆ సంతోషం బయటపడకుండా మాస్టర్ని ఇంకో నాలుగు తిట్టి మూట తీసుకుంది.

కోడలు అప్పుడు పుట్టింట్లో ఉంది, చెల్లెలి పురుడుకని వెళ్ళి. నానమ్మ ఒక్కతే కూర్చుని టీ డికాక్షన్ కాచింది, రాతిపొడి జల్లెడ పట్టింది, సైకిలు షాపు నుంచి గ్రీజు తెప్పించింది. జీవితమంతా వదిలించిన మరకలన్నిటినీ పేరుపేరునా వెనక్కి పిలిచింది. ప్యాంట్ల మోకాళ్ళు నల్లగా చేసి గర్వంగా చూపిస్తే, మాస్టరు తల అడ్డంగా ఊపాడు.

"మోకాళ్ళు మాసేది నేల తుడిచేవాళ్ళకి నానమ్మా. వీళ్ళు గుర్రమెక్కేవాళ్ళు. తొడల లోపలి వైపు మాయాలి."

నానమ్మకి ఒళ్ళు మండింది. తప్పు తనదైనప్పుడు ఆవిడకి రెట్టింపు మండుతుంది. మాస్టర్ని, గుర్రాన్ని, గుర్రాన్ని కనిపెట్టినవాణ్ణి తిట్టి, అన్నీ మళ్ళీ చేసింది.

పని పూర్తయ్యాక అసలు చిక్కొచ్చింది. వాటిని ఎక్కడ పెట్టాలి? పనైపోయింది కాబట్టి కుడి బల్ల మీద పెట్టాలి. కుడి బల్ల దాకా వెళ్ళింది. చెయ్యి రాలేదు. జిడ్డోడుతున్న ఆ కోటుని ఆ బల్ల మీద పెడితే అత్తగారు ఫొటోలోంచి దిగొచ్చేట్టుంది. తీసుకొచ్చి ఎడమ బల్ల మీదే పెట్టింది.

షూటింగు ఇంక రేపనగా, పొద్దున్నే మాస్టరు వ్యాను తెచ్చి, "బట్టలు మధ్యాహ్నం తీసుకెళ్తాను, ముందు మా ఊరు చూద్దురుగాని రండి," అన్నాడు. నానమ్మ మంచి చీర కట్టుకుని వెళ్ళింది.

క్వారీలో చెక్కతో వీధి కట్టారు. బారు, బ్యాంకు, జైలు, గుర్రాలశాల, శవపెట్టెల దుకాణం. నానమ్మ ఈ చివర నుంచి ఆ చివర దాకా నడిచింది. బారు వెనక్కి వెళ్ళి తొంగిచూసింది. తిరిగొచ్చేసరికి ముక్కుపుటాలు అదురుతున్నాయి.

"లాండ్రీ ఏది?" అని డైరెక్టర్నే అడిగింది.

ఆయన నవ్వాడు. "ఇది పగ కథ అమ్మా. ఇందులో బట్టలుతికేవాళ్ళకి ఏం పని?"

"పగ తీర్చుకునేవాడు రక్తం మరకతో ఎన్నాళ్ళు తిరుగుతాడు? శవపెట్టెలవాడికి దుకాణం కట్టావు. చచ్చినవాళ్ళ మీదున్న శ్రద్ధ బతికున్నవాళ్ళ మీద లేదా? మురికి చరిత్రట, ఆ మురికి వదిలించినవాళ్ళు కాదట."

"పాత ఫొటోల్లో దండేలు కనపడతాయి సార్," అని మాస్టరు గొణిగాడు. డైరెక్టరు అతని వంక ఒక చూపు చూశాడు. మాస్టరు కుక్కిన పేనయ్యాడు.

"చూసేవాళ్ళెవరూ గమనించరు లెండి," అన్నాడు డైరెక్టరు.

"నేను గమనిస్తాను."

"మీరొక్కరేగా."

ఆ ఒక్క మాటతో అయిపోయింది. అత్తగారు, అత్తగారి అత్తగారు, సోడాకి తోలు ఊడిన చేతులన్నీ ఆవిడ గొంతులోకి వచ్చి కూర్చున్నాయి. "అయితే విను నాయనా. నీ బట్టలు నా దగ్గరున్నాయి. ఈ ఊళ్ళో ఒక దండెం, ఒక తొట్టి, ఉతికే మనిషి కనబడేదాకా ఒక్క గుండీ కూడా నా గడప దాటదు," అనేసి వ్యాను ఎక్కింది.

దారి పొడుగునా మాస్టర్ని ఉతికి ఆరేసింది. ఇంటికొచ్చి పెరటి తలుపు తోసి, అక్కడే నిలబడిపోయింది.

కోడలు పుట్టింటి నుంచి వచ్చేసింది. వచ్చీ రాగానే కొంగు బిగించి పనిలోకి దిగినట్టుంది. దండెం నిండా చొక్కాలు, కోట్లు, ప్యాంట్లు, ఎండకి కళ్ళు చెదిరేట్టు మెరుస్తున్నాయి.

"ఎవరో గానీ అత్తయ్యా, జన్మలో నీళ్ళు చూడని మనుషులు," అంది కోడలు చివరి చొక్కాకి క్లిప్పు పెడుతూ. "ఆ కోటుకి మళ్ళీ మళ్ళీ సోడా పట్టించాల్సొచ్చింది."

మాస్టరు మెట్టు మీద కూలబడ్డాడు.

"నిన్నెవరు ఉతకమన్నారే?" నానమ్మ గొంతు వీధి చివరిదాకా వెళ్ళింది.

"ఎడమ బల్ల మీదున్నాయి అత్తయ్యా," అంది కోడలు.

అక్కడ పెట్టింది నానమ్మే. అత్త మీద కోపం దుత్త మీద చూపించాలన్నా ఒక దుత్త ఉండాలి. ఇక్కడ అత్తా తనే, దుత్తా తనే. ఇప్పుడు డైరెక్టర్ని ఏం పెట్టుకుని బెదిరించాలి? బేరం పోయింది. రేపటి షూటింగుకి మాపి ఇస్తానన్న మాట మాత్రం మిగిలింది. మాట తప్పితే ఆ బల్లలు రెండూ కట్టెలపొయ్యికే పనికొస్తాయి.

"లే," అంది మాస్టర్ని. "ఇక్కడ ఆరేదాకా కూర్చుంటే మాపేదెప్పుడు? నీ క్వారీలో గాలుంది, కావలసినంత దుమ్ముంది. దండెంతో సహా వ్యాన్లో వెయ్యి. నువ్వూ ఎక్కవే, నిలబడి చూస్తావేం."

క్వారీలో బ్యాంకు గుంజకీ శవపెట్టెల దుకాణం గుంజకీ మధ్య తాడు కట్టి అత్తాకోడళ్ళు తడిబట్టలు ఆరేశారు. డైరెక్టరు డేరాలోంచి ఏదో అనబోతూ వచ్చి ఆగిపోయాడు. గాలికి చొక్కాలు పొట్టలు ఉబ్బించుకుని వీధికి అడ్డంగా ఊగుతున్నాయి. అంతదాకా చెక్కముక్కల్లా ఉన్న ఊళ్ళో ఎవరో ఇప్పుడే ఇంట్లోకి వెళ్ళినట్టుంది.

"ఇప్పుడు మనుషులున్నట్టుంది సార్," అన్నాడు మాస్టరు, ఈసారి గొణక్కుండా.

డైరెక్టరు కెమెరామన్ని పిలిచి చూపించాడు. తర్వాత నానమ్మతో, "ఆ బట్టలు మాపేసుకోండి. తాడు మాత్రం ఉంచండి, వేరేవి ఏవైనా ఆరేద్దాం," అన్నాడు.

"మనిషి లేకుండా బట్టలు వాటంతటవే ఎగిరొచ్చి తాడెక్కాయా?"

ఆయన దణ్ణం పెట్టాడు. "సరే, ఒక మనిషి ఉంటుంది. మీ కోడలమ్మకి గౌను వేయిస్తాను."

"నేనేం పనికిరానా?"

"మీరు కెమెరా వంక చూసి తిడతారు."

అది నిజం కాబట్టి నానమ్మకి మరీ మండింది. అయినా ఇంటి నుంచి తన చేత్తో గంజిపెట్టిన దుప్పట్లు తెచ్చి ఇచ్చింది. తొట్టి ఎక్కడుండాలో చెప్పింది. గౌను చేతులు మోచేతి పైకి మడవమని మాస్టర్ని సాధించింది. షూటింగు వేళకి మాత్రం ఆవిణ్ణి క్వారీలో ఉండనివ్వలేదు.

సినిమా ఆడిన మొదటి రోజు మ్యాటినీకి, తాతయ్య పోయాక మొదటిసారి, నానమ్మ హాలుకెళ్ళింది. పక్కన కోడలు. తెర మీద ఆ వీధి వచ్చింది. తొట్టి, దండెం, తెల్లటి దుప్పట్లు, వాటి మధ్య నడుం వంచి ఉతుకుతున్న మనిషి. నానమ్మ కోడలి చెయ్యి గట్టిగా పట్టుకుంది. ఆవిడ అంతసేపు మాట్లాడకుండా ఉండటం కోడలు అదే మొదటిసారి చూడటం.

అంతలో తుపాకీ పేలింది. తెర మీది కోడలు గౌను ఎత్తిపట్టుకుని ఒక్క పరుగున మాయమైంది. విలన్ దుప్పట్ల మీద పడి, దండెంతో సహా మట్టిలో దొర్లాడు. హీరో దుప్పటి మీంచి బూట్లతో నడిచిపోయాడు.

నానమ్మ లేచి నిలబడింది.

"పారిపోయావా? ఆరేసిన బట్టలు వదిలేసి?"

"పారిపొమ్మన్నారు అత్తయ్యా."

"ఏ ఉతికేదైనా దండెం వదిలి పారిపోతుందా? తొట్టి ఎత్తి వాడి నెత్తిన వెయ్యదూ? ఇదా చరిత్ర? ఒరేయ్, బూట్లు తియ్యరా. ఆ దుప్పటి మీ అమ్మ ఉతుకుతుందా?"

ముందు వరసవాళ్ళు వెనక్కి తిరిగారు. వాళ్ళకీ పడ్డాయి. కోడలు కుర్చీలో కిందికి జారిపోయి, అచ్చం తాతయ్యలాగే, "సినిమా చూడండి అత్తయ్యా," అని కొంగు పట్టుకుని లాగింది. లాభం లేకపోయింది.

మర్నాడు నానమ్మ మళ్ళీ మ్యాటినీకి వెళ్ళింది. ఆ మర్నాడూ వెళ్ళింది. మూడోసారి గేటు మనిషి టిక్కెట్టు చింపుతూ, "ఆ సీనుకి ఇంకా చాలా టైముంది నానమ్మా, కాస్త కూర్చుని మొదలెట్టండి," అన్నాడు. వాడి చొక్కా కాలరు ఒకసారి చూసి, ముందు వాడితోనే మొదలెట్టింది.