నా ముఖాన నాడిని చూపించిన దేవుడు

సహోదరీ సహోదరులారా, మన బోరబండ సంఘంలో ఈ ఉదయం మీ ముందు నిలబడి గుండెనిండా ఊపిరి పీల్చుకుని మాట్లాడుతున్నానంటే అది నా బలం కాదు, దేవునికే మహిమ! నా పేరు ఎస్తేరు. మాదాపూర్‌లో ఒక ఐటీ కంపెనీ క్యాంటీన్‌లో దోసెలు వేస్తాను, నా భర్త ప్రభువు దగ్గరికి వెళ్లిపోయాడు, ఇంట్లో నేనూ ఇంటర్ చదివే నా కూతురు రూతూ, ఇద్దరమే. గర్భసంచిలో గడ్డలు పెరిగి నెలనెలా రక్తం ఆగకుండా పోయేది, పెనం ముందు నిలబడితే కళ్లు తిరిగి గోడ పట్టుకునేదాన్ని, మెట్లు ఎక్కలేక మధ్యలోనే కూలబడేదాన్ని, అయినా ఎవరు పలకరించినా "బాగున్నా, స్తోత్రం" అనేదాన్ని. మన విశ్వాసులందరి నోటా అదే మాట కదా! కాలు విరిగినా అదే అంటాం. నవ్వకండి, మీరూ అంతే.

నాకున్న భయం ఒక్కటే. నేను పోతే రూతు ఎవరి దగ్గర ఉంటుంది? "ప్రభువా, నా బిడ్డ ఒక్కతే అయిపోతది, దానికోసమన్నా నన్ను ఉంచు" అని దోసెలు తిప్పుతూనే కన్నీళ్లతో ప్రార్థించేదాన్ని, చూసినవాళ్లు పొగకు కళ్లు మండుతున్నాయనుకునేవాళ్లు.

చివరికి డాక్టరమ్మ గర్భసంచి తీసేయాల్సిందే అన్నారు, ఆపరేషన్ అయింది. మరునాడు మధ్యాహ్నం మన స్త్రీల ప్రార్థన నడిపించే సుశీలక్క, అదిగో ముందు వరుసలోనే కూర్చుంది, నన్ను చూడటానికి వచ్చి, నుదుటి నుంచి గడ్డం దాకా అభిషేక నూనె రాసి ప్రార్థన చేసింది. అక్క ప్రేమ ఎంత ధారాళమో నూనె కూడా అంతే ధారాళం! నాకేమో కడుపులో ఏదో బరువు, ఒళ్లంతా చల్లదనం, ఆపరేషన్ అంటే ఇంతేనేమో అనుకుని ఊరుకున్నాను.

అప్పుడే నర్సు ప్రసన్న ఫోను పట్టుకుని వచ్చింది. ఆ ఆసుపత్రిలో ఒక కొత్త మొబైల్ యాప్‌ను పరీక్షిస్తున్నారు, ఆపరేషన్ అయినవాళ్ల ముఖానికి ఎదురుగా ఫోను పట్టుకుంటే చాలు, వైరు లేదు, పట్టీ లేదు, చేయి కూడా తగలదు, నాడి ఎంత వేగంగా కొట్టుకుంటోందో, ఊపిరి ఎలా ఆడుతోందో చెప్పేస్తుందట. నేను ముందే ఒప్పుకున్నాను. మామూలుగా నాడి, బీపీ చూసే వేళ ఇంకా కాలేదు, ఆమె ఆ యాప్ పరీక్ష కోసమే మధ్యలో వచ్చింది.

"ఎలా ఉందండీ?" అని అడిగింది. నేను నోరు తెరిచేలోపే సుశీలక్క "దేవుని కృపతోని మంచిగున్నది, స్తోత్రం!" అంది, నేనూ అలవాటుకొద్దీ తలూపాను. ఫోను మాత్రం ముఖం సరిగా అందడం లేదంది. ప్రసన్న కిటికీ తెర జరిపింది, మంచం తల వైపు ఎత్తింది, అయినా అంతే.

"నూనె మెరుపుకి కెమెరా పట్టుకోవట్లేదండీ, కొంచెం తుడుస్తాను."

"ఏందీ, అభిషేక నూనె తుడుస్తవా?" అక్క చెయ్యి అడ్డం పెట్టింది. "ప్రార్థన చేసినంక ఎవరన్న గిట్ల తుడుస్తరా? రేపు చూస్కో పో."

"పర్వాలేదండీ, తర్వాత వస్తాను" అని ప్రసన్న వెనక్కి తిరిగింది. ఆ క్షణంలో ఏమైందో నాకు ఈనాటికీ తెలియదు, ఒంట్లో ఓపిక లేదు, అక్క మాటకు ఎదురు చెప్పే అలవాటు అంతకన్నా లేదు, అయినా నోట మాట వచ్చేసింది: "తుడువనీ అక్కా. ప్రార్థన నూనెల లేదు, ఎప్పుడో పైకి పోయింది." అక్క చెయ్యి తీసేసింది. ఆ మాట నాది కాదు సహోదరులారా, నాతో పలికించినవాడు నా దేవుడే!

ప్రసన్న తడిగుడ్డతో తుడిచి మళ్లీ ఫోను పట్టుకుంది, ఈసారి అంకె వచ్చింది, దాన్ని చూసి ఆమె ముఖం మారిపోయింది. యాప్ పొరబడిందేమోనని వెంటనే వేలికి క్లిప్పు పెట్టింది, చేతికి బీపీ పట్టీ చుట్టింది. యాప్ పొరబడలేదు, నాడి పరుగులు పెడుతోంది, బీపీ పడిపోతోంది. "నిజం చెప్పండి, ఎలా ఉంది?" అని ఆమె వంగి అడిగితే అప్పుడు చెప్పాను, "కడుపు బరువైతున్నదమ్మా. చలి పెడుతున్నది. జర భయమైతున్నది."

డాక్టరమ్మ పరుగున వచ్చి, స్కానింగ్ చేయించి, లోపల రక్తం కారుతోందని మళ్లీ ఆపరేషన్ గదికి తీసుకెళ్లారు, ఇంకాస్త ఆలస్యమైతే చేయి దాటిపోయేదని తర్వాత చెప్పారు. తోసుకెళ్తున్న మంచం వెంట రూతు "అమ్మా, అమ్మా" అంటూ పరుగెడుతుంటే, నాకొచ్చిన ప్రార్థనలన్నీ మరిచిపోయి "ప్రభువా, రూతు" అని మాత్రం అన్నాను. ఆయనకు అంతే చాలింది! మన సంఘం యౌవనస్థులు వచ్చి రక్తం ఇచ్చారు, సుశీలక్క ఆపరేషన్ గది బయట మోకాళ్లూని నన్ను బయటికి తెచ్చేదాకా లేవలేదట.

కోలుకున్నాక ప్రసన్నను అడిగాను, తాకకుండా ఎలా తెలిసిందమ్మా అని. "గుండె కొట్టుకున్న ప్రతిసారీ ముఖంలోకి రక్తం వస్తుందండీ, అప్పుడు చర్మం రంగు రవ్వంత మారుతుంది. మన కంటికి ఆనదు, కెమెరాకి తెలుస్తుంది" అంది. పొయ్యి వేడికి కమిలిపోయిన ఈ ముఖం, రోజూ అద్దంలో చూసుకుని పట్టించుకోని ఈ ముఖం, నేను పుట్టినప్పటి నుంచీ గుండె కొట్టుకున్న ప్రతిసారీ రంగు మారుతూనే ఉందా! మనుషులకు ఈమధ్యే తెలిసింది, దాన్ని చేసినవాడికి మొదటి నుంచీ తెలుసు. నా చేతి దోసెలు తిని లిఫ్టు ఎక్కే పిల్లల్లాంటివాళ్లే ఎవరో ఆ యాప్ తయారు చేసి ఉంటారు, వాళ్లకు ఆ తెలివి ఎవరిచ్చారు? ఆ వేళకు ఆ నర్సమ్మను నా మంచం దగ్గరికి ఎవరు పంపారు? ఎంత ఆశ్చర్యకరుడు మన దేవుడు!

ప్రియమైన వారలారా, ఒక్కసారి మీ పక్కన కూర్చున్నవారి ముఖం చూడండి. ఏమీ కదలనట్టే ఉంది కదా? కానీ కదులుతోంది, ఆయన చూస్తున్నాడు. మీరు నోటితో చెప్పుకోలేని బాధ ఏదున్నా ఆయనకు కొత్త కాదు, కాబట్టి దాచుకోకండి, నమ్మండి, ఉన్నదున్నట్టుగా ఆయన దగ్గరికి రండి. డాక్టరమ్మకు, ప్రసన్నకు, రక్తం ఇచ్చిన బిడ్డలకు, సుశీలక్కకు నా వందనాలు. నా రూతు అదిగో, వెనక కూర్చుని ఏడుస్తూ నవ్వుతోంది. దానికి అమ్మ ఉంది. ఆమేన్.